తప్పు పట్టే యంత్రం, జవాబు చెప్పే మనిషి

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టా మిల్లు దాటి వెళ్ళే ముందు ఒక పరీక్షకు నిలబడవలసి ఉంటుంది. ఆ పరీక్షలో ప్రశ్న అడిగేది మనిషి కాదు, ధ్వని. మానవుని చెవికి అందని అతిధ్వని తరంగాలను పట్టా లోపలికి పంపుతారు. లోహంలో లోపమేదీ లేకపోతే తరంగం సాఫీగా అడుగు వరకు పోయి, దానిని తాకి తిరిగి వస్తుంది. నడుమ ఏ పగులో, మలినమో, బోలుతనమో ఉంటే తరంగంలో కొంత భాగం అక్కడి నుండే వెనుదిరుగుతుంది. అది ఎంత త్వరగా తిరిగి వచ్చిందన్న దానిని బట్టి లోపం ఎంత లోతున ఉన్నదో పరికరం లెక్కకట్టి చెబుతుంది. కంటికి నున్నగా కనిపించే ఉక్కులో దాగిన జబ్బును ఈ విధంగా బయటపెట్టడం ఇరవయ్యవ శతాబ్దపు సాంకేతిక విజయాలలో ఒకటి అనడంలో సందేహం లేదు.

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. 1960లో రైలు మిల్లు పని మొదలుపెట్టింది. అప్పటి నుండి దశాబ్దాల పాటు భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే బాధ్యత దాదాపు పూర్తిగా భిలాయి మీదనే ఉండేది. 1960లలో 13 మీటర్ల ముక్కలుగా వెళ్ళిన పట్టాలు ఈనాడు 260 మీటర్ల పొడవున అతికిన వరుసలుగా వెళుతున్నాయి. నాడు మధ్యప్రదేశ్‌లోను, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్‌లోను ఉన్న ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. సెక్టార్ల వారీగా కట్టిన క్వార్టర్లలో స్థిరపడిన ఆ కుటుంబాలలో ఇప్పుడు మూడవ తరం నడుస్తున్నది.

పట్టా పరీక్షకు తిరిగి వద్దాం. యంత్రం ఎంత నిశితమైనదైనా అది తనకు నేర్పిన దానినే చూస్తుంది. పని ప్రారంభించే ముందు దానిని ఒక నమూనా పట్టా మీద సరిచూస్తారు. ఆ నమూనాలో కావాలనే నిర్ణీత పరిమాణంలో రంధ్రాలు తొలిచి ఉంటాయి. ఆ రంధ్రాన్ని గుర్తించగలిగితే పరికరం సరిగా ఉన్నట్లు. అంటే లోపం ఎంత ఉంటే లోపమనిపించుకుంటుందో మనిషి ముందుగా నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించాడన్నమాట. నిలువుగా పంపిన తరంగం పట్టా తలను, నడుమును, పాదం మధ్య భాగాన్ని చూస్తుంది గాని, పాదపు వెలుపలి అంచులు దాని చూపుకు అందవు. పైగా కొన్ని లోపాలు పరీక్ష దాకా రాకముందే నివారించవలసినవి. ద్రవరూపంలోని ఉక్కులో హైడ్రోజన్ వాయువు పది లక్షల పాళ్ళలో 1.6 పాళ్ళకు మించరాదని రైల్వే ప్రమాణం చెబుతున్నది. మించితే ఉక్కు చల్లారే కొద్దీ లోపల వెంట్రుక వంటి సన్నని పగుళ్ళు పుడతాయి. అందువల్ల కొలిమి దగ్గర ఒక జాగ్రత్త, మిల్లులో ఒక పరీక్ష, ఆ తరువాత కొనుగోలుదారు పక్షాన నిలిచే తనిఖీ అధికారి కన్ను, అటుపిమ్మట రైలు మార్గం మీద ఏళ్ళ తరబడి సాగే పరీక్షలు, ఇన్ని అంచెలు అవసరమయ్యాయి.

1998 నవంబరు 26 తెల్లవారుజామున పంజాబులోని ఖన్నా వద్ద పట్టాలు తప్పిన ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలను సియాల్దా ఎక్స్‌ప్రెస్ ఢీకొని రెండు వందల మందికి పైగా మరణించారు. పట్టా విరగడమే కారణమని విచారణలో తేలింది. ఆ పట్టా ఏ మిల్లులో తయారైనదన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. ప్రమాదం తరువాత పుట్టే ప్రశ్న ప్రస్తుతం. పరికరం బాగున్నదన్న వస్తువు విరిగినప్పుడు ఎవరు జవాబు చెప్పాలి? ‘యంత్రం సరేనన్నది’ అనే మాట జవాబు అవుతుందా, లేక జవాబు తప్పించుకోవడం అవుతుందా?

కొలిమి గాని, పట్టా గాని లేని మరొక రంగంలో ఇదే ప్రశ్న ప్రతిరోజూ వేల సార్లు ఎదురవుతున్నది. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రంగం. ఉక్కు చేసిన తాతల మనుమలు, మనుమరాళ్ళలో అనేకులు ఇప్పుడు కంప్యూటర్ కోడ్ రాసే వృత్తిలో ఉన్నారు. 2016లో భిలాయికి ఐఐటి కూడా వచ్చింది. ఓపెన్ సోర్స్ అంటే మూల కోడ్‌ను దాచిపెట్టకుండా అందరి ముందు ఉంచి, ఎవరైనా చదవడానికి, సరిదిద్దడానికి, తిరిగి పంచుకోవడానికి అనుమతించే పద్ధతి. లినక్స్ మొదలుకొని నేటి ఇంటర్నెట్‌కు ఆధారమైన సాఫ్ట్‌వేర్‌లో అత్యధిక భాగం ఈ విధంగా నిర్మితమైనదే.

అక్కడి పని తీరు ఇలా ఉంటుంది. భిలాయిలో ఒక సెక్టారు క్వార్టరులో కూర్చున్న విద్యార్థిని ఒక ప్రాజెక్టులో లోపం గమనించి నాలుగు పంక్తుల సవరణ పంపిందనుకుందాం. ఆమె ఎవరో ఆ ప్రాజెక్టు నిర్వాహకులకు తెలియదు. వారు ఏ దేశంలో ఉన్నారో ఆమెకు తెలియదు. సవరణ చేరిన వెంటనే మనిషి కన్నా ముందు లింటర్ అనే ప్రోగ్రాం దానిని చదువుతుంది. లింటర్ కోడ్‌ను నడిపి చూడదు. కేవలం చదివి, నియమాలకు విరుద్ధమైన వాటిని ఎత్తి చూపుతుంది. ప్రకటించి వాడని పేరు, విలువ ఇవ్వకుండానే వాడిన పేరు, ఎన్నటికీ అమలు కాని వాక్యం, హద్దు మీరిన పంక్తి, అస్తవ్యస్తమైన ఖాళీలు వంటివి దాని దృష్టికి వస్తాయి. లింటర్ అభ్యంతరాలన్నీ తీరి పచ్చని టిక్కు గుర్తు పడిన తరువాతనే అనేక ప్రాజెక్టులలో మానవ సమీక్షకుడు ఆ సవరణను ముట్టుకుంటాడు.

ఈ పరికరానికి మూలపురుషుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ జాన్సన్. సి భాషలో రాసిన ప్రోగ్రాములను పరిశీలించడానికి 1978 ప్రాంతంలో ఆయన రూపొందించిన సాధనానికి ‘లింట్’ అని పేరు పెట్టారు. ఉతికిన బట్టలకు అంటుకొని ఉండే నూలు పీచును ఆంగ్లంలో అలా అంటారు. బట్ట చిరిగిందా, సరైన కొలతకు కుట్టారా అన్నది పీచు దులిపేవాడు చూడడు. పేరులోనే పరిమితి చెప్పుకున్న పరికరాలు అరుదు.

యంత్రం ముందుగా చదవడంలో ఒక నైతికమైన మేలు ఉన్నది. దానిని చిన్నచూపు చూడరాదు. తప్పు ఎత్తి చూపడం మానవ సంబంధాలలో సున్నితమైన వ్యవహారం. అదే తప్పును పెద్దవాడు చేస్తే చూసీ చూడనట్లు వదలడం, కొత్తవాడు చేస్తే పదిమందిలో ఎండగట్టడం మన కార్యాలయాలకు, పండిత సభలకు తెలియని విషయాలు కావు. కామా ఒకటి తప్పిపోయిందని ఎక్కడో ఉన్న అపరిచితుడు బహిరంగంగా రాస్తే, మొదటిసారి సవరణ పంపిన పద్ధెనిమిదేళ్ళ పిల్ల మళ్ళీ ఆ వైపు చూడకపోవచ్చు. అదే మాట యంత్రం చెబితే అవమానం ఉండదు. యంత్రానికి ఊరు, పేరు, ఉచ్చారణ, హోదా పట్టవు. ప్రాజెక్టును స్థాపించినవాడి పంక్తినీ నిన్న వచ్చినవాడి పంక్తినీ ఒకే కొలతతో కొలుస్తుంది. ‘గో’ భాషతో పాటు వచ్చిన ‘గోఫ్మ్‌ట్’ అనే సాధనం మరొక అడుగు ముందుకు వేసి, సలహా చెప్పడం కూడా మాని, కోడ్‌ను తానే ఒక పద్ధతిలో అమర్చి పెడుతుంది. ఆ పద్ధతి ఎవరికీ తొలి ఇష్టం కాకపోయినా, వివాదం ముగిసినందుకు అందరూ సంతోషించారని ఆ భాషా నిర్మాతలే చమత్కరించారు.

అయితే సమానంగా కొలవడం, న్యాయంగా కొలవడం ఒకటేనా? కొలబద్ద ఎవరి శరీరానికి సరిపడేలా తయారైందన్నది చూడాలి. పైథాన్ భాషలో రాసేవారు పాటించే శైలి నియమావళి ప్రకారం ఒక పంక్తిలో 79 అక్షరాలకు మించరాదు. ఆంగ్లంలో అక్షరం అంటే ఏమిటో సందేహం లేదు. తెలుగులో ‘లక్ష్మి’ అన్న మాటలో ఎన్ని అక్షరాలు? బడికి వెళ్ళే పిల్లవాడు రెండు అంటాడు. లింటర్ ఏడు అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఇలా యూనికోడ్ సంకేతాలను వేటికి వాటిని అది లెక్కిస్తుంది. తెర మీద సగం కూడా నిండని తెలుగు పంక్తి హద్దు మీరినట్లు నమోదు కావచ్చు. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి అనువదించేవారికి మరొక అనుభవం ఉంటుంది. మూలం పెద్ద అక్షరంతో మొదలైతే అనువాదమూ పెద్ద అక్షరంతో మొదలు కావాలనే తనిఖీ నియమం ఒకటి ఉన్నది. పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేని లిపికి ఆ నియమం వర్తించదని ఎవరో ఒకరు పరికరానికి చెప్పవలసి ఉంటుంది. యంత్రం ఇక్కడ ద్వేషంతో ఏమీ చేయడం లేదు. నియమం రాసినవాని మనస్సులో తెలుగు లేదు, అంతే. కాని ఫలితాన్ని అనుభవించేవారికి ఆ భేదం అంతగా ఓదార్పు ఇవ్వదు.

నియమానికీ ప్రయోగానికీ మధ్య ఈ తగవు తెలుగువారికి కొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. కఠిన వ్యాకరణానికి ప్రతీకగా నేటికీ చెప్పుకునే ఆ గ్రంథంలో సైతం నియమాలన్నిటికీ ఒకే బలం లేదు. ఉకార సంధి నిత్యం. కొన్ని మాటలలో ఇకార సంధి వైకల్పికం, అంటే చేసినా చేయకున్నా దోషం కాదు. అకార సంధి బహుళం. బహుళం అంటే ఒకచోట నిత్యంగా, ఒకచోట వికల్పంగా, మరొకచోట నిషేధంగా, ఇంకొకచోట వేరే విధంగా ప్రవర్తించేది. ఎక్కడ ఏ విధమో భాష తెలిసినవాడు ప్రయోగాన్ని చూసి నిర్ణయించుకోవాలి. శాసనకర్త తన శాసనంలోనే పాఠకుని వివేకానికి చోటు వదిలిపెట్టాడు.

లినక్స్ కెర్నెల్‌కు సవరణలు పంపేవారు వాడే ‘చెక్‌ప్యాచ్’ అనే తనిఖీ ప్రోగ్రాం ఈ విషయంలో చిన్నయసూరికి దూరపు చుట్టంలా కనిపిస్తుంది. అది తన అభ్యంతరాలను మూడు తరగతులుగా విభజిస్తుంది. దాదాపు నిశ్చయంగా తప్పు అనదగినవి, జాగ్రత్తగా పరిశీలించవలసినవి, ఆలోచించవలసినవి. ఈ సాధనం మార్గదర్శి మాత్రమేననీ, మానవ వివేకానికి బదులు కాదనీ, నియమం తప్పినప్పుడే కోడ్ మెరుగ్గా ఉంటే అలాగే ఉంచవచ్చుననీ కెర్నెల్ పత్రాలే చెబుతాయి. కాని ఒక షరతు ఉన్నది. మిగిలిపోయిన ప్రతి ఉల్లంఘనకూ పంపినవారు కారణం చెప్పగలగాలి. చాలాకాలం పాటు పంక్తికి 80 అక్షరాలు దాటితే హెచ్చరించిన ఆ ప్రోగ్రాం 2020లో, విశాలమైన తెరల కాలంలో ఆ పట్టుదల అర్థరహితమని లైనస్ టోర్వాల్డ్స్ వ్యాఖ్యానించిన దరిమిలా, హద్దును 100కు పెంచింది. నియమం ఆకాశం నుండి ఊడిపడలేదనడానికి ఇది మంచి నిదర్శనం. అంతకు ముందు రోజు వరకు 81వ అక్షరం రాసి మందలింపు తిన్నవారు ఏమనుకున్నారో తెలియదు.

ఇంకొక చరిత్ర ఘట్టం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు రామమూర్తి గ్రాంథికవాదుల నియమాలను సిద్ధాంతంతో మాత్రమే ఎదుర్కొనలేదు. ఆ పండితుల రచనలను తీసుకొని, వారి నియమాల ప్రకారమే వారి తప్పులను వరుసగా ఏరి చూపించారు. మరో విధంగా చెప్పాలంటే, లింటర్‌ను దాని యజమానుల మీదనే ప్రయోగించారు. పాటించడం అంత కష్టమైన నియమాన్ని కొత్తగా రాయడం నేర్చుకునే పిల్లల నెత్తిన పెట్టడం న్యాయమా అన్నది ఆయన వాదంలోని బలం. ఏళ్ళ తరబడి పేరుకొన్న పాత కోడ్‌ను అలాగే ఉంచి, కొత్తవారి నాలుగు పంక్తుల మీద మాత్రం నూరు నియమాలు ప్రయోగించే ప్రాజెక్టుల విషయంలోనూ ఆ ప్రశ్న వేయదగినదే.

ఇంతవరకు చెప్పినవి మర్యాదకు, సౌకర్యానికి సంబంధించిన నష్టాలు. యంత్రం హెచ్చరికను నిశ్శబ్దం చేయడమే లక్ష్యమైనప్పుడు సంభవించే నష్టం వేరు. 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో జరిగిన ఉదంతం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ రహస్య తాళాలను తయారుచేస్తుంది. బ్యాంకు లావాదేవీల నుండి సర్వర్ల ప్రవేశ ద్వారాల వరకు దాని మీద ఆధారపడినవే. తాళం ఊహకు అందకుండా ఉండాలంటే యాదృచ్ఛికమైన సంఖ్యలు కావాలి. వాటి కోసం ఆ ప్రోగ్రాం అనేక మూలాల నుండి అస్తవ్యస్తమైన సమాచారాన్ని సేకరించి కలుపుతుంది. ఆ క్రమంలో ఒకచోట ఇంకా విలువ ఇవ్వని జ్ఞాపక స్థలాన్ని సైతం కలిపేది. సాధారణ దృష్టికి అది తప్పు. వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పరికరం దానిని తప్పుగానే చూపింది. వాల్‌గ్రైండ్ లింటర్ వంటిది కాదు, ప్రోగ్రామును నడిపి చూసే పరికరం. అయినా హెచ్చరిక హెచ్చరికే.

డెబియన్ తరఫున ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసే నిర్వాహకుడు అజాగ్రత్తపరుడు కాడు. ఈ పంక్తులు తీసివేస్తే ఫరవా లేదా అని మూల ప్రాజెక్టువారి చర్చావేదికలో అడిగాడు. అభ్యంతరం రాలేదు. ఒకే రూపంలో రెండు చోట్ల ఉన్న పంక్తులను రెంటినీ పక్కన పెట్టాడు. వాటిలో ఒకటి నిజంగానే అనవసరం. రెండవది మాత్రం సేకరించిన యాదృచ్ఛికతనంతటినీ కుండలో పోసే పంక్తి. అది పోవడంతో మిగిలిన వైవిధ్యమల్లా నడుస్తున్న ప్రక్రియకు కంప్యూటర్ ఇచ్చే వరుస సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యలు సాధారణంగా 32,768 మించవు. కోట్లానుకోట్ల తాళాలలో ఒకటి కావలసినది, ఒక చిన్న పట్టణపు ఇంటి నంబర్ల వంటి జాబితాలో ఒకటిగా మారింది. హెచ్చరికలు మాయమయ్యాయి. పరికరం తృప్తి చెందింది. 2008 మే 13న డెబియన్ ప్రకటన వెలువడేవరకు, ఇరవై నెలల పాటు ఆ లోపం అలాగే ఉండిపోయింది. ఆ లోపలి కాలంలో ఆ యంత్రాల మీద తయారైన తాళాలను పారవేసి ప్రపంచవ్యాప్తంగా కొత్తవి చేసుకోవలసి వచ్చింది.

ఇందులో యంత్రం అబద్ధం చెప్పలేదన్నది గమనార్హం. విలువ ఇవ్వని స్థలం వాడుతున్నారని అది చెప్పినది నిజమే. ఆ వాడకం ఎందుకు అన్న ప్రశ్న దానికి లేదు. ఆ ప్రశ్న అడగవలసిన స్థానంలో ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులు హెచ్చరిక పోవడాన్నే పరిష్కారంగా భావించారు. జ్వరం తగ్గిందా అని చూడక థర్మామీటరును చల్లార్చినట్లయింది.

దీనిని బట్టి యంత్రాన్ని తోసిపుచ్చి మనిషిని పీఠం మీద కూర్చోబెట్టడానికీ వీలు లేదు. అదే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అని పేరుపడిన లోపం మానవ సమీక్ష దాటుకొనే 2011 చివరిలో మూల కోడ్‌లో చేరింది. 2012 మార్చిలో విడుదలైంది. అవతలివారు తాము పంపినది ఇంత పొడవు అని చెప్పిన మాటను సరిచూడకుండా నమ్మడం అందులోని పొరపాటు. 2014 ఏప్రిల్ 7న బయటపడేవరకు రెండేళ్ళ పాటు అందరి కళ్ళ ముందూ బహిరంగంగా ఉన్నది. చూసే కళ్ళు ఎక్కువైతే లోపాలు దాగవన్న ఓపెన్ సోర్స్ విశ్వాసానికి అది గట్టి దెబ్బ. చూడగలగడం వేరు, చూడడం వేరు. అప్పటి తనిఖీ పరికరాలూ దానిని పట్టలేదు. బయటపడిన తరువాత, ఇటువంటి దానిని ఎలా గుర్తించాలో వాటికి కొత్తగా నేర్పారు. నమూనా పట్టాలో మరొక రంధ్రం తొలిచినట్లన్నమాట.

కనుక ప్రశ్న మనిషి గొప్పా, యంత్రం గొప్పా అన్నది కాదు. యంత్రం ముందుగా చదివినందువల్ల మనిషి చదివే తీరు ఎలా మారుతుందన్నది అసలు ప్రశ్న. పీచు దులిపే పని తప్పినందువల్ల సమీక్షకుడు బట్ట నేతను చూడడానికి తీరిక పొందవచ్చు. లేదా, పచ్చని గుర్తు పడింది కదా అని బట్టను విప్పకుండానే మడతపెట్టి పంపవచ్చు. రెండింటికీ యంత్రం ఒకే విధంగా తోడ్పడుతుంది. ప్రభుత్వ కార్యాలయాల అనుభవం ఉన్నవారికి ఈ రెండవ మార్గం సుపరిచితం. చెక్ లిస్టులో పదిహేను అంశాలకూ ఎదురుగా ‘అవును’ అని ఉన్న ఫైలు ఎంత సులభంగా సంతకానికి వెళుతుందో, అందులో పదహారవ ప్రశ్న ఎవరికీ తట్టకపోవడం ఎంత సహజమో వారికి వివరించనవసరం లేదు. చెక్ లిస్టు లేని ఫైలు ఇంకా ప్రమాదకరమన్నదీ వారికి తెలుసు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలను, కొలతలను చూసే పౌతవాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. నాలుగు నెలలకు ఒకసారి తూకపు రాళ్ళకు ముద్ర వేయించుకోవాలని అందులో నియమం ఉన్నది. కొలత సరైనదని రాజముద్ర చెబుతుంది. అయితే అదే గ్రంథం మరొక అధికరణంలో వర్తకులు తూకంలో చేసే మోసాలను, వాటికి శిక్షలను ప్రత్యేకంగా చర్చిస్తుంది. ముద్రపడిన రాయితోనే తక్కువ తూచవచ్చునని ఆ శాస్త్రకర్తకు తెలుసు. ముద్ర రాయికి సంబంధించినది. తూచే చెయ్యి ముద్ర కింద లేదు.

కోడ్ సమీక్షలో కూడా ఈ రెంటినీ విడదీయడమే ధర్మంగా కనిపిస్తుంది. అది కొంత ఆచరణలోనూ ఉన్నది. లింటర్ అభ్యంతరాన్ని ఫలానా పంక్తి వరకు పక్కన పెట్టమని రాసే వీలు దాదాపు అన్ని పరికరాలలోనూ ఉంటుంది. కొన్ని ప్రాజెక్టులు ఆ మినహాయింపు పక్కన కారణం కూడా రాయాలని పట్టుబడతాయి. చూడడానికి ఇది చిన్న లాంఛనం. కాని దానివల్ల కొత్తగా వచ్చిన విద్యార్థిని స్థితి మారుతుంది. నియమానికి తలవంచడం తప్ప దారి లేని అభ్యర్థి స్థానంలో గాక, కారణం చెప్పి నిలబడగల సహకర్త స్థానంలో ఆమె ఉంటుంది. తెలుగు పంక్తి 79 దాటిందేమని యంత్రం అడిగితే, ఇది ఏడు సంకేతాలే గాని రెండక్షరాలు అని ఆమె రాయగలదు. ఆ వాక్యాన్ని చదివి ఒప్పుకోవడానికో కాదనడానికో అవతల ఒక మనిషి ఉండి తీరాలి. కారణం రాయించుకొని ఎవరూ చదవకపోతే, అది మరొక చెక్ లిస్టు మాత్రమే అవుతుంది. సమీక్షకులలో అనేకులు జీతం లేకుండా, రాత్రిపూట తీరికలో ఈ పని చేసేవారన్నది మరువరాదు. వారి నుండి ఎంత ఓపిక ఆశించవచ్చునన్నది వేరే ప్రశ్న, తేలికైన ప్రశ్న కూడా కాదు.

లినక్స్ కెర్నెల్‌లో చేరిన సవరణల కింద కొన్ని పంక్తులు ఉంటాయి. రాసినవారు తమ పేరుతో ధ్రువీకరించే పద్ధతి 2004లో ప్రవేశపెట్టారు. సమీక్షించినవారు, ఈ మార్పును చదివి, సాంకేతికంగా తగినదని భావిస్తున్నామని తెలిపే పంక్తి మరొకటి. తనిఖీ యంత్రాలకూ అక్కడ చోటు లేకపోలేదు. లోపాన్ని కనిపెట్టినది ఒక పరీక్షా యంత్రమైతే, లోపం తెలియజేసినవారి స్థానంలో దాని పేరు గౌరవంగానే రాస్తారు. సమీక్షించినట్లు మాట ఇచ్చే పంక్తిలో మాత్రం మనిషి పేరు ఉంటుంది. భిలాయి పట్టా నడుము మీద కూడా మిల్లు పేరు, చుట్టిన నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలలోను, ఏ విడత ఉక్కు నుండి వచ్చినదో తెలిపే సంఖ్య ముద్రగాను ఉంటాయి. ఎన్నో ఏళ్ళ తరువాత, ఎక్కడో ఒక పల్లె పొలిమేరలో ఆ పట్టా మీద పగులు కనిపిస్తే, గ్యాంగ్‌మన్ తుప్పు గీకి మొదట చదివేది ఆ అక్షరాలనే.